కడూనాలో రెండు ఇళ్ళు

కడూనా, నైజీరియా
12 జనవరి 1980

అమ్మణ్ణికి,

నేను చేరాను. ఒంట్లో బాగానే ఉంది. విమానంలో పెట్టిన తిండి నోట పెట్టలేక నువ్వు కట్టిచ్చిన చేగోడీలతోనే గడిపాను. లాగోస్‌లో దిగి మళ్ళీ ఒక రోజంతా రైల్లో కూర్చుంటే కడూనా వచ్చింది. ఇంజను చప్పుడు వినగానే మనసు కుదుటపడింది. ఇక్కడి రైలింజన్ల షెడ్డు మన టాటానగర్ షెడ్డులో సగం ఉంటుంది. పని మనకు తెలిసిన పనే. పనిముట్లకు ఇక్కడి వాళ్ళు పెట్టుకున్న పేర్లు మాత్రం వేరు. ఎడారి వైపు నుంచి పొడిగాలి వీస్తుంది, పెదవులు పగులుతున్నాయి. నువ్వు వచ్చేటప్పుడు కొబ్బరినూనె ఎక్కువగా తెచ్చుకో.

ఇక అసలు సంగతి. పెళ్ళాలను తెచ్చుకునేవాళ్ళకు ఇళ్ళు ఇస్తున్నారు. నాకు రెండు చూపించారు. ఏప్రిల్ నెలాఖరు లోపల ఏది కావాలో చెప్పమన్నారు.

మొదటిది రైల్వే కాంపౌండులో ఉంది. ఒక గది, వంటిల్లు, లోపలే కుళాయి, లోపలే స్నానాల గది. చుట్టూ గోడ, గేటు దగ్గర కాపలా మనిషి. అందరూ ఇండియా వాళ్ళే. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన గణపతిరావు గారిది పక్క ఇల్లు. ఆయన మాకు ఫోర్‌మన్. వాళ్ళావిడ తెలుగూ మాట్లాడుతుంది, ఇంగ్లీషూ మాట్లాడుతుంది. సాయంత్రం ఆడవాళ్ళు కుర్చీలు వేసుకుని ఆరుబయట కూర్చుంటారు.

రెండోది ఊళ్ళో ఉంది. షెడ్డుకు సైకిలు మీద రావాలి. పాత ఇల్లు, మట్టిగోడలకు సిమెంటు పూశారు. రెండు గదులు. వెనక పెద్ద దొడ్డి, అందులో నుయ్యి. దొడ్డికి అవతల ఇంటివాళ్ళు ఉంటారు. వాళ్ళది హౌసా భాష. ఆడవాళ్ళు పొద్దున్నే రోట్లో గింజలు దంచుతారు, ఆ చప్పుడు వీధిలోకి వినబడుతుంది. మనవాళ్ళెవరూ ఆ చుట్టుపక్కల లేరు.

పగలంతా ఇంట్లో ఉండేది నువ్వు కాబట్టి నువ్వే చెప్పు.

అప్ప సంగతి ఒకటుంది. తనను కూడా తీసుకెళ్ళమని నేను బయలుదేరే ముందు అడిగింది కదా. పెళ్ళాం కాక తోబుట్టువును తెచ్చుకోవాలంటే ఆమెకు ఇంట్లో వేరే గది ఉండాలని ఇక్కడి ఆఫీసులో అంటున్నారు. ఒంటిగది ఇల్లు తీసుకుంటే ఆ మాటే రాదు. నిజం చెప్పాలంటే నాకు అదే మేలు. నన్ను పెంచిన మనిషే, కాదనను. కాని చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఆ గొంతుతో మాట్లాడుతుంటే ఈ మనుషుల మధ్య నేను తలెత్తుకోలేను. ఈ ముక్క అప్పకు చదవకు.

వేళకు తిను.

సూర్యం


కాసిడీహ్, జంషెడ్‌పూర్
2 ఫిబ్రవరి 1980

దూరదేశంలో ఉన్న మీకు అమ్మణ్ణి నమస్కారం పెట్టి రాస్తున్నది.

మీ ఉత్తరం అందింది. వదినా నేనూ బాగున్నాం. ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. మీ దుప్పటి వదిన కప్పుకుంటున్నది.

ఏమండీ, నేను ఒక తప్పు చేశాను. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు పాడు చేశాను.

మన వీధిలో ఉత్తరం ఎలా చదువుతారో మీకు చెప్పనక్కరలేదు. మీరున్నప్పుడు అందరి ఉత్తరాలూ మీరే చదివేవారు. మీరు వెళ్ళాక ఆ పని నాకు వచ్చింది, అయిదో తరగతి చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి. పోస్టుమాను కవరు ఇచ్చి వెళ్ళగానే వదిన నన్ను విప్పనివ్వలేదు.

"ఉండే గుంటా. జగదాంబను పిలవనీ. నా తమ్ముడి ఉత్తరం దొంగసాటుగా సదవాలేటి?"

పక్కింటి జగదాంబ వచ్చింది. ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. వదిన చేపల చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. నేను ముందుగా చూసుకోలేదు, కంటబడినది పడినట్టు చదువుతూ పోయాను. రెండు ఇళ్ళ గురించీ చదివాను. లోపలే స్నానాల గది అని చదివినప్పుడు జగదాంబ "ఓలమ్మా, వంటింటి పక్కనేటి!" అని ముక్కు మూసుకుంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే "అప్ప సంగతి ఒకటుంది" అని పైకి చదివేశాను. తరువాతి ముక్క కంటబడి నోరు ఆగిపోయింది.

"ఏటే ఆగిపోనావు? నా సంగతేటి రాసినాడు?" అంది వదిన.

"మొగుడేటో సరసం రాసుంటాడు. పాపం సిగ్గుపడతంది. ఆ ముక్క ఒగ్గేసి కిందది సదువమ్మా" అంది జగదాంబ.

"సరసంల నా పేరెందుకుంటాదే?"

మీరు చదివేటప్పుడు చావు కబురు ఉంటే జబ్బుగా ఉందని చదివేవారు. ముసలయ్య గారి తమ్ముడు పోయినప్పుడు అలాగే చేసి, రెండు రోజులయ్యాక మెల్లగా చెప్పారు. నాకు అప్పుడు అదే గుర్తుకు వచ్చింది. మెత్తగా ఏదైనా చెబుదామనుకున్నాను. వదిన ముఖం చూస్తే మెత్తని మాట దొరకలేదు. "అప్పను కూడా తీసుకొస్తాను, అందుకే రెండు గదుల ఇల్లు చూస్తున్నాను" అని చదివేశాను. లేని మాటను ఉత్తరంలో రాసి ఉన్నట్టే చదివాను.

వదిన చుట్ట నోట్లోంచి తీసింది. "నన్నేటి సేసుకుంటాడే ఆ దేశంల?" అంది. తరువాత "ఆ ముక్క మళ్ళీ సదువు" అంది. చదివాను. ఇంకోసారి చదవమంది. ముందు ఏ మాటలు అన్నానో గుర్తుపెట్టుకుని మళ్ళీ అవే అన్నాను. జగదాంబ వదినను పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. నాకు నేలలోకి దూరిపోవాలనిపించింది.

ఇప్పుడు వీధి అంతా తెలిసిపోయింది. నేను నిజం చెప్పలేను. చెబితే మీరు రాసినది కూడా చెప్పాలి. అందుకని మీరే ఒక దారి చూపాలి. పెద్ద ఇల్లు తీసుకోండి. అది కుదరకపోతే, వదిన మనసు కష్టపడకుండా ఏదైనా కారణం రాయండి, నేను చదువుతాను. ఇల్లు ఏది కావాలని నన్ను ఇప్పుడు అడగవద్దు.

తప్పు చేసిన
అమ్మణ్ణి


కాసిడీహ్
22 ఫిబ్రవరి 1980

మీకు నమస్కారం.

మీ దగ్గర నుంచి ఇంకా జవాబు రాలేదు. ఉత్తరం అందలేదేమోనని మళ్ళీ రాస్తున్నాను. రోజులు గడిచేకొద్దీ నాకు భయంగా ఉంది.

వదిన సాక్చి సంతలో ఎండు చేపలు పెట్టుకుని తను కూర్చునే చోటు, పక్కన అమ్ముకునే దాలమ్మకు ఇచ్చేసింది. నేను వద్దని చెప్పాను. తొందరేమిటి, ఇల్లు ఇంకా ఖాయం కాలేదన్నాను. "ఇచ్చేత్తే ఇప్పుడే ఇచ్చేత్తాను. నాను ఎలిపోయినాక అడిగితే దానికి ఇంకోలు ఇస్తారేటి?" అంది. ఇప్పటికీ రోజూ బుట్టతో వెళుతుంది. ఏ చేప ఎవరి దగ్గర తేవాలో, ఏ షావుకారు తడి చేపను ఎండు చేపలో కలుపుతాడో దాలమ్మకు చెబుతూ పక్కన కూర్చుంటుంది.

మొన్న సాక్చిలో ఫోటో తీయించుకుంది. ఫోటో అతను నవ్వమంటే కోప్పడిందట. "పాస్‌పోర్ట్‌కీ ఫోటో హై, షాదీకీ నహీ" అన్నదట, పెళ్ళి ఫోటో కాదని. ఆ మాట నాకు చెప్పి తనే నవ్వింది. వదిన అంతలా నవ్వడం నేను పెళ్ళయి వచ్చాక చూడలేదు.

ఇంకొకటి. వదిన చుట్ట మానేసింది. నేనేమీ అనలేదు, దేవుడి సాక్షిగా. తనంతట తనే మానేసింది. నోరు ఊరికే ఆడుతూ ఉంటుంది, లవంగం బుగ్గన పెట్టుకుంటుంది. పగలు తల నొప్పి అని పడుకుంటుంది. ఎందుకు వదినా అంటే "అక్కడ దొరసానుల్లాటోలుంటారంట గదా. నన్ను సూసి ఆడి తల వొంగకూడదు" అంది. జగదాంబ ఇంట్లో కుర్చీ ఉంది. రోజూ సాయంత్రం అక్కడికి పోయి కాళ్ళు కిందకు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకుంటున్నది. గొంతు కూడా తగ్గించి మాట్లాడుతున్నది. ఎవరికీ వినబడక, ఏటన్నావు ఏటన్నావు అని అందరూ రెండుసార్లు అడుగుతున్నారు.

అవి చూస్తూ నేను అన్నం తినలేకపోతున్నాను. మీరు రాసినవన్నీ ఆమెకు ముందే తెలుసు. నేను దాచి ఏం దాచినట్టు?

మీరు పెద్ద ఇల్లు తీసుకున్నానని రాస్తే చాలు. నేను చదివినది నిజం అయిపోతుంది.

జవాబు కోసం చూస్తూ
అమ్మణ్ణి


కడూనా
24 ఫిబ్రవరి 1980

అమ్మణ్ణికి,

నీ మొదటి ఉత్తరం అందింది. దీనిలో రెండు కాగితాలు ఉన్నాయి. మొదటిది అప్పకు పైకి చదువు. రెండోది నీ ఒక్కదానికే.

(మొదటి కాగితం)

అప్పకు తమ్ముడు సూర్యం నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. నిన్ను తీసుకురావాలని రెండు గదుల ఇల్లు చూశాను గాని ఈలోపలే దాన్ని వేరెవరో తీసుకున్నారు. ఇప్పుడు ఉన్నది ఒంటిగది ఇల్లే. వేరే గది లేకపోతే ఆఫీసు వాళ్ళు ఒప్పుకోరు. ఏం చేస్తాం. సెలవుకు వచ్చినప్పుడు అన్నీ మాట్లాడుకుందాం. ఆరోగ్యం చూసుకో.

(రెండో కాగితం)

అమ్మణ్ణీ, పెద్ద ఇల్లు ఎవరూ తీసుకోలేదు. మన జవాబు కోసమే అట్టిపెట్టారు. కాంపౌండు ఇంటికే పేరు ఇచ్చేద్దామనుకుంటున్నాను.

నోటికి వచ్చి అలా చదివేశానని రాశావు. నాకు నమ్మకం కుదరలేదు. వంటింట్లో, నీళ్ళ దగ్గర ఒక మనిషి తోడు కావాలని నీకుంటే నన్ను సూటిగా అడగవలసింది. నా ఉత్తరంలో నా మాటగా చదవడం ఏమిటి? లేకపోతే నాతో ఒక్కదానివే ఉండడానికి భయమా? పెళ్ళయిన నాటి నుంచీ మనకు ఒక గది అంటూ లేదు. అప్ప మంచం ఎప్పుడూ గుమ్మానికి అడ్డంగానే ఉంది. ఒంటిగది ఇల్లు అంటే నువ్వు సంతోషిస్తావనుకున్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. చెప్పకపోతే నీకు అర్థం కాదు. వచ్చిన కొత్తలో గణపతిరావు గారు భోజనానికి పిలిచారు. బల్ల మీద పింగాణీ పళ్ళేలు. వాళ్ళావిడ తన పెద్దక్క హెడ్మిస్ట్రెస్ అని చెప్పి, మీవాళ్ళెవరెవరున్నారు అని అడిగింది. సాక్చి సంతలో ఎండు చేపలమ్ముతుంది మా అప్ప అని అనబోయాను. నాకు అక్కాచెల్లెళ్ళు ఎవరూ లేరని వచ్చింది నోటి వెంట. ఆవిడ పాపం అంది. అప్పటి నుంచీ ఆదివారం ఆదివారం నన్ను పిలిచి అన్నం పెడుతున్నారు. ఇప్పుడు అప్పను తెచ్చి ఈమె ఎవరని చెప్పను?

ఈ కాగితం చదివి చింపెయ్యి.

సూర్యం


కాసిడీహ్
20 మార్చి 1980

మీకు,

రెండో కాగితం నేను చింపలేదు. చింపడానికి అది నా చేతికి రాలేదు.

పోస్టుమాను వీధి మొదట్లోనే వదినకు ఎదురయ్యాడు. వదిన సంతకు వెళుతున్నది. కవరు ఇంటికి తేకుండా బుట్టలో పెట్టుకుని తీసుకుపోయింది. తనతో పాతికేళ్ళుగా కూర్చున్న ఆడవాళ్ళందరూ వినాలని. పక్క పప్పుల కొట్టులో గుమస్తా ఆదిబాబు గారికి తెలుగు చదవడం వచ్చు. ఆయన పేపరు చదివినట్టు గట్టిగా చదువుతారు. రెండు కాగితాలు ఎందుకున్నాయో ఆయనకు ఎలా తెలుస్తుంది? ఆయన తప్పేమీ లేదు.

నేను వదినకు అన్నం పట్టుకెళ్ళాను. అప్పటికే ఆయన రెండో కాగితంలో ఉన్నారు. గుమ్మానికి అడ్డంగా మంచం అన్న మాట నాకు దూరం నుంచే వినబడింది. అందరూ నా వైపు తిరిగి చూశారు. ఆయన గొంతు రాను రాను తగ్గింది గాని ఆపలేదు. వదిన ఆపనివ్వలేదు. "సదువు బాబూ" అంటూనే ఉంది. నాకు అక్కాచెల్లెళ్ళు ఎవరూ లేరు అన్నది కూడా చదివించుకుంది.

"అయిపోనాదా, ఇంకా ఉందా?" అని అడిగింది.

"ఇంతే పోలమ్మా. బస్, ఖతం" అన్నారాయన. చెమటలు తుడుచుకుంటున్నారు.

"మరి కూకో. టీ తాగి ఎల్లు."

వదిన ఆయనకు టీ తెప్పించింది. దాలమ్మ లేచి, వదిన పాత చోటు తుడిచి, గోనెపట్టా సరిచేసి పక్కకు జరిగి కూర్చుంది. వదిన పోయి ఆ చోట్లో కూర్చుంది. "అన్నం అక్కడ పెట్టి ఇంటికెల్లు గుంటా" అని నాతో అంది. గొంతు మళ్ళీ ఎప్పటిలాగే ఉంది.

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని ఒకటే అంది. "మళ్ళీ సదువని అడిగినాను గదే. మూడుసార్లు సదివినావు. మూడుసార్లూ నా మొగం సూసే సదివినావు."

మరునాడు కాగితం తెమ్మని ఈ కింది మాటలు చెప్పింది. చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

"సూరీ, నాను మీ అప్పను. నాను వత్తానని ఎవులికి సెప్పినాను? నాకేటి పని ఆ దేశంల? అక్కడ ఎండు సేపలు ఎవులు కొంటారు? అమ్మణ్ణి ఏదో సదివితే నవ్వుకున్నాను గాని నమ్మినానేటి? ఒంటిగది ఇల్లే తీసుకో. నీకు అక్కాసెల్లెల్లు నేరని సెప్పినావు గదా, అలగే ఉండనీ. మాట మారిస్తే నీకే నామోషీ. నాకు బాగానే ఉంది. నా సోటు నాకు ఉంది."

ఇవి వదిన మాటలు. ఇక నావి.

వదిన నమ్మింది. నవ్వుకోలేదు. చుట్ట ఇంకా మొదలుపెట్టలేదు. మానేసిన అలవాటు మళ్ళీ ఎందుకు అంటున్నది. ఫోటోలు ఎక్కడ పెట్టిందో కనబడడం లేదు. మంచం గుమ్మం దగ్గర నుంచి తీసి వంటింటి మూలన వేసుకుంది. ఎంత చెప్పినా వినడం లేదు. రాత్రి నీళ్ళకు లేచినప్పుడు అటు చూడలేకపోతున్నాను.

నా మీద మీకు నమ్మకం లేదని రాశారు. మీ మొదటి ఉత్తరంలో ఆ ముక్క కళ్ళబడ్డప్పుడు నాకు ముందు సంతోషమే కలిగింది. మనకు ఒక గది, ఎవరూ ఉండరు అనుకున్నాను. తల ఎత్తేసరికి వదిన ఎదురుగా ఉంది. నా సంతోషం నా ముఖంలో చూసిందేమోనని భయపడ్డాను. ఆ భయంలో అబద్ధం చదివాను. తోడు కోసం కాదు. మీతో ఉండడానికి నాకు భయం లేదు. ఈ ముక్క రాయడానికి నాకు ఎంత సిగ్గుగా ఉందో మీకు తెలియదు. ఇది కూడా ఎవరి చేతనో చదివించరు కదా?

ఇల్లు నన్నే చెప్పమన్నారు. చెబుతున్నాను. రెండు గదులదే తీసుకోండి. వదిన రాదు. ఆ గది ఖాళీగా ఉంటే ఉండనివ్వండి. నుయ్యి తోడుకోవడం నాకు అలవాటే. హౌసా వాళ్ళ మాట నాకు రాదు, నా మాట వాళ్ళకు రాదు, అదే నయం. కాంపౌండులో గణపతిరావు గారి భార్య నన్ను కూర్చోబెట్టి, మీ ఆడబిడ్డలు ఎంతమంది అని తెలుగులో అడుగుతుంది. నేను ఏం చెప్పాలి? మీ మాట నిలబెట్టాలంటే రోజూ వదినను లేకుండా చేయాలి. అది నా వల్ల కాదు.

పెద్ద ఇల్లు పోయిందని రాస్తే నేను ఇక్కడే ఉంటాను.

అమ్మణ్ణి


కడూనా
12 ఏప్రిల్ 1980

అమ్మణ్ణీ,

పెద్ద ఇంటి తాళం తీసుకున్నాను. ఇంతవరకు నువ్వు చదువు. ఇక్కడి నుంచి కిందది ఆదిబాబు గారు చదవాలి, సాక్చిలో, అప్ప బుట్ట దగ్గర. ఇంట్లో వద్దు.

ఆదిబాబు గారికి నమస్కారం. కిందటిసారి చదివినంత గట్టిగా చదవండి.

అప్పా, నేను సూర్యాన్ని. నా మాటలు నీకు నలుగురి మధ్య వినబడ్డాయి. అందుకని ఇవి కూడా నలుగురి మధ్యే చదివిస్తున్నాను. ఆఫీసుకు పోయి నాకు ఒక అప్ప ఉందని, పేరు పోలమ్మ అని, సంతలో ఎండు చేపలు అమ్మి నన్ను పెంచిందని చెప్పాను. గణపతిరావు గారు అక్కడే ఉన్నారు. మొదట ఎవరూ లేరన్నావే అన్నారు. అబద్ధం చెప్పానన్నాను. ఎందుకు అన్నారు. నేను ఆఫీసు కాగితం మీద నీ పేరు రాసిచ్చాను. ఆదివారం భోజనానికి పిలవడం మానేశారు. మంచిదే.

ఇంట్లో నీ గది ఉంది. సున్నం కొట్టించాను. నువ్వు వస్తే వస్తావు, రాకపోతే అది నీ పేరునే ఉంటుంది. అమ్మణ్ణిని కోప్పడకు. నేను రాసినది రాసినట్టు చదివి ఉంటే నీకు అప్పుడే తెలిసేది. అది రాసినవాణ్ణి నేను.

దాలమ్మకు, అందరికీ దండాలు.

సూర్యం


కాసిడీహ్
6 మే 1980

మీకు అమ్మణ్ణి నమస్కారం.

మీరు చెప్పినట్టే చేశాను. ఉత్తరం పట్టుకుని సాక్చికి నేనే వెళ్ళాను. అంతమంది మధ్యలోంచి నడిచి వెళ్ళి ఆదిబాబు గారికి ఇచ్చాను. ఆయన కాగితం చూసి "నా బాబే, మళ్ళీ నేనేనా!" అని రెండు చేతులూ ఎత్తేశారు. పైన మీరు రాసింది చూపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, వెనకా ముందూ తిప్పి ఒకటే కాగితమని చూసుకుని, మొదలుపెట్టారు.

వదిన తల ఎత్తలేదు. పెద్ద చేపలు ఒక పక్క, చిన్నవి ఒక పక్క వేరు చేస్తూనే ఉంది. మధ్యలో ఒక బిహారీ ఆవిడ వచ్చి ధర అడిగితే "జరా రుకో" అని కాసేపు ఆగమంది. అంతే. పేరు పోలమ్మ అన్నచోట చేయి ఆగింది. ఆవిడ నిలబడి నిలబడి వెళ్ళిపోయింది. అయ్యాక దాలమ్మ "పోలమ్మా, ఇన్నావా?" అంటే, "సెవుడేటి నాకు?" అంది.

ఆదిబాబు గారు జవాబు ఏం రాయమంటావని అడిగారు. "రాసే మడిసి నా ఇంట్ల ఉంది" అంది. ఆ రెండు కాగితాల ఉత్తరం వచ్చిన నాటి నుంచీ నన్ను తన మనిషిగా ఎవరి ముందూ అనలేదు. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఇంటికి వచ్చాక దీపం పెట్టి కాగితం తెచ్చుకున్నాను. వదిన మంచం మీద కూర్చుంది. మంచం ఇంకా వంటింటి మూలనే ఉంది.

"రానని రాయి" అంది.

రాశాను.

"సదువు."

"రాను అని ఉంది వదినా."

"అంతే గదా?"

"అంతే."

వదిన లేచి నీళ్ళు తాగింది. వాకిట్లోకి వెళ్ళింది. జగదాంబతో ఏదో మాట్లాడి వచ్చింది. మళ్ళీ కూర్చుంది. నేను కాగితం మడవబోతుంటే, "ఆ గదికి ఈది పక్క గుమ్మం ఉందేటో అడుగు" అంది.

నేను ఆమె వైపు చూశాను.

"ఏటలగ సూత్తావు? లోపలికే గుమ్మం ఉంటే నానేటి సేత్తాను? గోడ సూసుకుని కూకోనా? ఈది పక్కనుంటే వచ్చీపోయే జనం కనపడతారు. ఏటి తింటారో ఏటి కొంటారో తెలుత్తాది. వత్తానని కాదు. అడుగు, అంతే."

రానని రాసినది కొట్టేయనా అని అడిగాను. వద్దంది. అందుకని రెండూ ఉంచాను. మీ మీద కోపం తగ్గిందో లేదో నాకు తెలియదు. మీ పేరు ఇంకా ఎత్తడం లేదు, ఆడు అనే అంటున్నది. నా వైపు కూడా తిన్నగా చూడదు. నేనూ చూడలేను. మీరు కూడా, తాళం చేతిలో ఉన్నంత మాత్రాన అంతా సరిపోయిందనుకోవద్దు.

గుమ్మం ఏ వైపు ఉందో రాయండి. వీధి వైపు లేకపోతే లేదనే రాయండి. ఉన్నది ఉన్నట్టే చదువుతాను.

అమ్మణ్ణి